తేడా సంస్కృతిదా, కుర్చీదా?

బెంగళూరులో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లల్ని క్లయింట్ (మాకు పనిచ్చే అమెరికా కంపెనీ) కాల్స్‌లో కూర్చోబెట్టే ముందు ఒక క్లాసు పెడతారు. అమెరికా వాళ్ళ పద్ధతులేంటి, మన పద్ధతులేంటి, ఎక్కడ తేడాలొస్తాయి అన్నది పాఠం. ఈ మధ్య టీం తరఫున ఒక సీనియర్ ఉండాలంటే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. చెప్పినాయన మంచి మాటకారి. ఆయన చెప్పినదాంట్లో సగం నిజంగా పనికొచ్చేదే. మెయిల్ ఎలా రాయాలి, కాల్‌లో మ్యూట్ తీసి ముందు పేరు చెప్పుకోవాలి లాంటివి ఎవరైనా నేర్చుకోవాల్సినవే. కానీ మధ్యలో ఒక మాటన్నాడు: "మన ఇండియన్స్‌కి కాదని చెప్పడం రాదు. అది మన రక్తంలోనే లేదు. అమెరికన్స్‌కి పుట్టుకతో వస్తుంది." పిల్లలందరూ తలలూపారు. కొందరు నోట్స్‌లో రాసుకున్నారు.

క్లాసయ్యాక కాఫీ మెషిన్ దగ్గర మా టీంలో అమ్మాయి కలిసింది. కదిరి నుంచి వచ్చింది. "ఆయన చెప్పింది కరెక్టే అక్కా, నాలో ఆ లోపం ఉంది, పోగొట్టుకోవాలి" అంది చాలా సీరియస్‌గా. ఈ పిల్ల సంగతి నాకు తెలుసు. బీటెక్ అవ్వగానే ఇంట్లో సంబంధం ఖాయం చేయబోతే, ఉద్యోగంలో కుదురుకునేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని తండ్రికీ ఇద్దరు మేనమామలకీ మొహం మీదే చెప్పి బెంగళూరు బస్సెక్కిన మనిషి. కదిరిలో ఒక ఆడపిల్ల నలుగురు పెద్దల ముందు నిలబడి అంతమాట అనడమంటే, క్లయింట్‌కి "శుక్రవారానికి అవ్వదు" అని చెప్పడం దాని ముందు ఎంత? అది చేయగలిగిన మనిషి ఇది ఎందుకు చేయలేకపోతోంది? రక్తమైతే రెండుచోట్లా ఒకటే కదా.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. పడమటి దేశాల వాళ్ళకీ మనకీ మధ్య సంస్కృతి తేడా అని ఆఫీసుల్లో దేన్నైతే అంటున్నామో, అందులో ఎక్కువ భాగం సంస్కృతి తేడా కాదు. డబ్బిచ్చేది ఎవరు, తీసుకునేది ఎవరు, ఎవరు పోతే ఎవరికి నష్టం అన్న తేడా. కుర్చీల తేడా. దానికి సంస్కృతి అని పేరు పెట్టడం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. పై కుర్చీలో ఉన్నవాళ్ళు మారాల్సిన అవసరం లేకుండా పోతోంది. కింద ఉన్నవాళ్ళు తమలోనే ఏదో లోటుందని నమ్మేస్తున్నారు. నాకు బాధ ఈ రెండోదాని గురించే.

ఆ 77 ఎక్కడిది?

ఆ క్లాసులో ఒక స్లైడ్ మీద రెండు అంకెలున్నాయి. ఇండియా 77, అమెరికా 40. పెద్దా చిన్నా తేడాని జనం ఎంతగా ఒప్పుకుంటారో చూపే కొలత అది. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో బయటపెట్టిన లెక్క. అది చూపించి, అందుకే మనం బాస్ ముందు నోరెత్తం అని తేల్చేశారు.

ఆ లెక్క వెనక కథ స్లైడ్ మీద లేదు. 1967 నుంచి 1973 దాకా ఐబీఎమ్ తన ఉద్యోగుల మధ్య చేయించిన సర్వేల జవాబుల్లోంచి తీసిన అంకెలవి. అంటే అందులో ఇండియా అంటే ఐబీఎమ్‌లో పనిచేసిన కొద్దిమంది ఇండియన్లు. కదిరీ లేదు, కాకినాడా లేదు. ఆ కంపెనీయే 1978లో ఇక్కడ దుకాణం మూసేసి వెళ్ళిపోయింది. మొత్తం మీద లక్ష పైచిలుకు ఫారాలు నింపించారన్న మాట నిజమే గానీ, దేశాల వారీగా చూస్తే కొన్నిచోట్ల మరీ తక్కువ. పాకిస్తాన్‌లో ఒక విడతలో 37 మంది, ఇంకో విడతలో 70 మంది అని 2002లో బ్రెండన్ మెక్‌స్వీనీ అనే ఆయన తన విమర్శలో ఎత్తి చూపించాడు.

పోనీ, అంకెలు నిజమే అనుకుందాం. అదే కొలతలో ఫ్రాన్స్‌కి 68 ఉంది. ఆస్ట్రియాకి 11. ఈ రెండు దేశాలూ పడమరే కదా? ఫ్రాన్స్ మనకి దగ్గరా, ఆస్ట్రియాకి దగ్గరా? ఇంకో కొలత ఉంది, మనిషి తనకోసం తాను బతుకుతాడా, గుంపు కోసం బతుకుతాడా అన్నది. అందులో అమెరికాకి 91. ఇండియాకి 48. పోర్చుగల్‌కి 27, గ్రీసుకి 35. అంటే ఆ లెక్క ప్రకారం పోర్చుగల్ వాడికంటే మనమే ఎక్కువ సొంతదారి మనుషులం. ఈ అంకెల్ని పక్కపక్కన పెడితే "పడమర" అనే ఒకే ముద్ద కనిపించదు. క్లాసుల్లో మాత్రం ఇండియా, అమెరికా రెండే తీసి పక్కపక్కన పెడతారు. ఎందుకంటే బిల్లు ఆ రెండింటి మధ్యే కదులుతుంది.

హాఫ్‌స్టెడ్‌ని నేను తప్పుపట్టడం లేదు. ఆ కాలానికి అంత పెద్ద ప్రయత్నం ఇంకొకరు చేయలేదు. సగటుగా ఒక దేశం ఎలా ఉంటుందో చెప్పే అంకెని తీసుకుని ఇరవై రెండేళ్ళ పిల్ల నుదుటిమీద అంటించడం దగ్గరే నా అభ్యంతరం.

1986 జనవరి 27 రాత్రి

అమెరికన్లకి కాదని చెప్పడం పుట్టుకతో వస్తుంది అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఛాలెంజర్. స్పేస్ షటిల్ పేలిపోయిన సంగతి అందరికీ తెలిసిందే. దాని ముందు రాత్రి జరిగిన ఫోన్ మీటింగ్ మా వృత్తిలో ఉన్న ప్రతివాళ్ళూ చదవాలని నా కోరిక.

షటిల్ పక్కనుండే రాకెట్లు తయారుచేసింది మోర్టన్ థయోకాల్ అనే కంపెనీ. యూటాలో ఉండేది. మన భాషలో చెప్పాలంటే వెండర్, డబ్బు తీసుకుని పని చేసిపెట్టేవాళ్ళు. క్లయింట్ నాసా. మర్నాడు పొద్దున ఫ్లోరిడాలో చలి బాగా ఉంటుందని తెలిసి, రాకెట్ భాగాల మధ్య ఉండే రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి సరిగ్గా మూసుకోవేమోనని థయోకాల్ ఇంజనీర్లు భయపడ్డారు. రోజర్ బోయ్‌జోలీ, ఆర్నీ థాంప్సన్ లాంటి వాళ్ళు చార్టులు పెట్టి వాదించారు. 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 12 కంటే తక్కువుంటే వదలొద్దని కంపెనీ రాతపూర్వకంగానే చెప్పింది. అంటే ముందు కాదనే అన్నారు. అవతల నాసా మేనేజర్లు చిరాకు పడ్డారు. మరి ఎప్పుడు వదలమంటారు, ఏప్రిల్‌లోనా అన్నట్టు మాట్లాడారు. థయోకాల్ వాళ్ళు కాసేపు లైన్‌లోంచి తప్పుకుంటామని చెప్పి తమలో తాము మాట్లాడుకున్నారు. అక్కడ పెద్ద మేనేజర్ ఒకాయన ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంట్ వైపు తిరిగి, ఇక ఇంజనీర్‌లా కాకుండా మేనేజర్‌లా ఆలోచించు అన్నాడు. ఇంజనీర్లు ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్ళని ఓటు అడగలేదు. నలుగురు మేనేజర్లు సరే అన్నారు. లైన్‌లోకొచ్చి క్లయింట్‌కి సరే అని చెప్పారు. మర్నాడు 73 సెకన్లలో ఏడుగురు పోయారు.

తర్వాత అమెరికా ప్రెసిడెంట్ వేసిన కమిషన్ కారణం తేలుస్తూ ఏం రాసిందంటే, ఒక పెద్ద కస్టమర్‌ని నొప్పించకుండా ఉండటం కోసం థయోకాల్ యాజమాన్యం తన ఇంజనీర్ల మాటకి విరుద్ధంగా నిర్ణయం మార్చుకుంది అని. దాన్ని ఎవరూ అమెరికన్ల రక్తంలో ఉన్న లోపం అనలేదు. అమెరికన్లు గుంపు మనుషులు, ఎదురు చెప్పలేరు అని స్లైడ్లు వేయలేదు. నిర్ణయం తీసుకునే పద్ధతి తప్పు, కాంట్రాక్టర్ మీద ఒత్తిడి తప్పు అన్నారు. అదే తప్పు బెంగళూరులో జరిగితే మాత్రం మన నాగరికత మీద పాఠం అవుతుంది. ఇదే నాకు మింగుడు పడనిది.

ఇంతెందుకు, మన పిల్లలు అమెరికా వెళ్ళి మొదట ఫోన్ చేసి చెప్పేది అక్కడి హోటల్లో వడ్డించేవాళ్ళ మర్యాద గురించి. ఎంత నవ్వుతారో, ఎంత ఓపికో అని. వాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి అది మారలేదు. మిగతాది కస్టమర్ ఇచ్చే టిప్ మీద ఆధారపడాలి. బతుకుతెరువు అవతలివాడి మూడ్ మీద ఉన్నప్పుడు ఒహాయోలో పుట్టినా, ఒంగోలులో పుట్టినా మనిషి నవ్వుతూ సరేననే అంటాడు.

మరి మన ఇళ్ళ సంగతేంటి

ఇక్కడ నా వాదనకి ఒక గట్టి అడ్డు ఉంది. దాన్ని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు.

క్లయింట్ లేని చోట కూడా మన పిల్లలు నోరు విప్పరు. అటూ ఇటూ తెలుగువాళ్ళే ఉన్న రివ్యూ ఒకటి నాకు బాగా గుర్తుంది. మేనేజర్ విజయవాడ మనిషి, మంచివాడు, గొంతు కూడా పెంచడు. డిజైన్‌లో ఒక చోట డేటా పోయే ప్రమాదం ఉందని అది రాసిన కుర్రాడికి తెలుసు. మీటింగంతా తల వంచుకుని కూర్చున్నాడు. అరగంట తర్వాత కింద టీ బండి దగ్గర నాకు పూసగుచ్చినట్టు చెప్పాడు. "మరి లోపల చెప్పలేదేం?" అంటే, "పెద్దాయన ఫిక్సయిపోయారు కదా, ఎదురు చెప్పినట్టుంటుంది" అన్నాడు. ఇందులో అమెరికా ప్రసక్తే లేదు. ఇది మన ఇంటి పంటే.

నిజమే. ఎదురు మాట్లాడకు అన్న మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారు? ప్రశ్న అడిగితే క్లాసులో నవ్వుతారని భయం. ఇంటర్‌లో హాస్టల్లో పడేసి రెండేళ్ళు పొద్దున్నించి రాత్రిదాకా ఇచ్చింది ఇచ్చినట్టు రుబ్బించే కాలేజీల్లోంచి వచ్చిన పిల్లలు, చేరిన మొదటి నెలలోనే వైస్ ప్రెసిడెంట్‌తో వాదించాలంటే ఎలా? సంస్కృతి లేదని నేననడం లేదు. ఉంది, బలంగానే ఉంది.

అయినా ఆ కుర్రాడి విషయంలో నాకు ఇంకోటి కనిపిస్తుంది. అతని రేటింగ్ ఆ మేనేజర్ చేతిలో ఉంది. ఆన్‌సైట్, అంటే క్లయింట్ దేశానికి, పంపేదీ ఆయనే. ఇంటి మీద లోన్ ఉంది, చెల్లెలి పెళ్ళి ఉంది. ఆయన మంచివాడా కాదా అన్నది కాదు ప్రశ్న, ఆయనకి కోపం వస్తే ఏమవుతుంది అన్నది ప్రశ్న. అదే కుర్రాడు వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి వెళ్తే బంతిలో కూర్చుని పప్పులో ఉప్పు తగ్గిందని పెళ్ళికూతురి తండ్రితోనే అంటాడు. మన చుట్టాలు పదేళ్ళ తర్వాత కనిపించినా మొదటి మాటే "ఏంటి, ఇలా లావైపోయావు?" జీతమెంత అని అడుగుతారు, పిల్లలెప్పుడు అని అడుగుతారు. మనసులో మాట డొంకతిరుగుడుగా చెప్పే జాతి మనది అని ఎవరైనా అంటే, ఒక్కసారి మా ప్రొద్దుటూరులో ఏ శుభకార్యానికైనా రమ్మనండి.

అంటే పెంపకం ఒక అలవాటుని ఇస్తుంది. కానీ ఆ అలవాటు ఎక్కడ బయటికొస్తుంది, ఎక్కడ రాదు అన్నది కుర్చీయే నిర్ణయిస్తోంది. నేను ఇంతవరకు రాగలిగాను. పెంపకం వాటా ఎంత, కుర్చీ వాటా ఎంత అని తూకం వేసి చెప్పలేను. కానీ ఒక చిన్న అనుభవం వల్ల కుర్చీ వాటాయే పెద్దదని నమ్ముతున్నాను.

మా ప్రాజెక్టుకి అవతల కొత్త మేనేజర్ వచ్చాడు, ఒహాయోలో ఉంటాడు. అంతకుముందు ఉన్నాయన ప్రతి కాల్‌లో "ఇది శుక్రవారానికి అవుతుందా?" అని ఒక్కొక్కరినీ అడిగేవాడు. జవాబు ఎప్పుడూ అవుతుందనే. ఈయన వచ్చాక అడగడం మార్చాడు. "ఈ వారం ఏది ఆగిపోయేలా ఉంది? ఒక్కొక్కరు ఒక్కటి చెప్పండి, నావి కూడా చెప్తాను" అని తన వైపు ఆలస్యాలు ముందు చెప్పుకున్నాడు. మొదటి రెండు కాల్స్‌లో మావాళ్ళు బిక్కుబిక్కుమంటూ చూశారు. తర్వాత ఒకడు చెప్పాడు. చెప్పినందుకు ఏమీ జరగలేదు. నెల తిరిగేసరికి కదిరి అమ్మాయి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ (రాసిన ప్రోగ్రాంని పరీక్షించి చూసుకునే ఏర్పాటు) సంగతి ఎత్తి, అది ఇవ్వకుండా డేట్ అడిగితే లాభం లేదని చెప్పింది. తెలుగు పిల్ల, అదే రక్తం, అదే పెంపకం. మారింది అవతలాయన అడిగే పద్ధతి.

విమానాల వాళ్ళు ఇది ఎప్పుడో కనిపెట్టారు. 1978 డిసెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది చనిపోయారు. చక్రాల సమస్యలో మునిగిపోయిన కెప్టెన్‌కి ఇంధనం తగ్గిపోతోందని కింది ఇద్దరూ మెల్లగా, అనీ అననట్టు చెప్పారు. అందరూ అమెరికన్లే. ఆ తర్వాత 1981లో ఆ సంస్థ సిబ్బందికి కొత్త ట్రైనింగ్ మొదలుపెట్టింది. కింది వాళ్ళు గట్టిగా చెప్పడం నేర్చుకోవాలి, కెప్టెన్ వినడం నేర్చుకోవాలి. రెండూ ఒకే గదిలో. మన క్లాసుల్లో కెప్టెన్ కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

చెప్తే తీరేవి, తీరనివి

నిజమైన సంస్కృతి తేడాలు లేవా అంటే ఉన్నాయి, వాటితో నాకు పెద్దగా ఇబ్బంది ఎదురవ్వలేదు. మా టీంలో ఒకబ్బాయి పెదనాన్న పోతే పెద్దకర్మ దాకా ఊళ్ళోనే ఉండిపోయాడు. క్లయింట్ దగ్గర సెలవుల పట్టికలో తండ్రి అన్న సొంత కుటుంబం కిందికి రాడు. ఒహాయో ఆయన నన్ను అడిగాడు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. తండ్రి లేని ఆ పిల్లాడిని పెదనాన్నే చదివించాడనీ, కొడుకుల్లేని ఆయనకి తలకొరివి పెట్టింది వీడేననీ చెప్పాను. ఐదు నిమిషాలు పట్టింది. ఆయన తరఫు నుంచి అందరూ సంతకాలు పెట్టిన కార్డు వచ్చింది, పని గడువు ఇంకో వారం పెరిగింది.

అప్పటి నుంచి నాకో గీటురాయి దొరికింది. నిజంగా సంస్కృతి తేడా అయితే కూర్చోబెట్టి చెప్తే చాలావరకు సర్దుకుంటుంది. పెళ్ళి, మతం, కులం లాంటివి వేరు, అవి మనలో మనకే సర్దుకోవు. కానీ ఆఫీసు పనిలో ఇరవై ఏళ్ళుగా ఏటేటా క్లాసులు చెప్తున్నా తీరని తేడా ఏదైనా ఉందంటే, దాని వేరు ఇంకెక్కడో ఉందని అనుమానించాలి.

నేర్చుకోవాల్సింది ఎవరు

ఈ సంస్కృతుల మధ్య మాటామంతీ గురించిన చదువు అసలు మొదలైందే అమెరికన్లకి పాఠం చెప్పడానికి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రపంచమంతా దౌత్యవేత్తల్ని పంపుతున్న అమెరికా, వాళ్ళు వెళ్ళినచోట తెల్లమొహం వేయకుండా ఉండాలని వాషింగ్టన్‌లో ఒక సంస్థలో ట్రైనింగ్ పెట్టింది. 1950ల మొదట్లో ఎడ్వర్డ్ హాల్ అనే ఆంత్రోపాలజిస్ట్ (మానవ సమాజాల్ని చదివే పండితుడు) అక్కడ చెప్పేవాడు. అవతలి వాళ్ళు టైముని ఎలా చూస్తారు, ఎంత దూరంలో నిలబడి మాట్లాడతారు అన్నవి అమెరికన్లు నేర్చుకోవాల్సిన పాఠాలు. అప్పుడు అవసరం వాళ్ళది. పని మన దగ్గరికొచ్చి, బిల్లు వాళ్ళ దగ్గరుండేసరికి అదే చదువు తిరగబడి మన క్లాసుగా మారింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే మన సొంత కథే ఉంది. 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ పెట్టారు. ఇంగ్లండ్ నుంచి ఓడ దిగిన ఈస్టిండియా కంపెనీ కుర్రాళ్ళు అక్కడ మన పండితుల ముందు కూర్చుని తెలుగు, తమిళం నేర్చుకుని పరీక్ష రాయాలి. పన్ను వసూలు చేయాలంటే రైతు మాట అర్థమవ్వాలి మరి. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు మొదలుపెట్టింది అలాగే. 1820లో మా కడపకి వచ్చాడు. ఆ తర్వాత ఆయన చేసింది అవసరానికి మించింది. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని వేమనని వెతికించాడు, నిఘంటువులు చేశాడు. అవసరంతో మొదలైనా ఇష్టంగా మారే మనుషులు ఉంటారు, వాళ్ళని తక్కువ చేయకూడదు. కానీ అందరూ బ్రౌన్‌లు కారు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్ళకే ప్రాధాన్యం అన్నాక నేర్చుకోవాల్సిన బరువు ఇటు తిరిగింది. ఇప్పటికీ ఇటే ఉంది.

ఇండియన్లకి టైం విలువ తెలీదు అని కూడా ఆ క్లాసులో ఒక స్లైడ్ ఉంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. ఆ మర్నాటి నుంచి మా సాయంత్రం ఏడు గంటల మీటింగ్ ఎనిమిదికి వెళ్తుంది. వాళ్ళకి మాత్రం ఎండాకాలమైనా, చలికాలమైనా పొద్దున తొమ్మిదిన్నరే. మార్చి రెండో ఆదివారం దాటాక మళ్ళీ ఏడుకి వస్తుంది. మారతహళ్ళి, బెళ్ళందూరు చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళల్లో పిల్లల అన్నం టైములు, నిద్ర టైములు, క్యాబ్ టైములు ఆ రెండు ఆదివారాలకి కట్టుబడి ఉన్నాయో. ఎక్కడో సముద్రాల అవతల పొద్దు పొడుపుకి తగ్గట్టు తమ ఇంటి భోజనం జరుపుకునే జనానికి టైం తెలీదంటారా?

మన కింది కుర్చీలు

ఇదంతా రాస్తూ మన అపార్ట్‌మెంట్ల గురించి రాయకపోతే సగమే చెప్పినట్టు. మా వాట్సాప్ గ్రూపులో తరచూ కనిపించే మాట: "ఈ పనివాళ్ళంతా ఇంతే, రామని మొహం మీద చెప్పరు, సరే సరే అంటారు, మర్నాడు ఫోన్ స్విచాఫ్." అందులో పనివాళ్ళు అన్నచోట ఇండియన్స్ అని పెడితే మా క్లాసులో పాఠమే. రాసేది కూడా ఆ క్లాసుల్లో కూర్చుని వచ్చినవాళ్ళే.

మా ఇంట్లో పనిచేసే ఆమెది రాయచోటి దగ్గర పల్లె. మా బిల్డింగులోనే ఐదిళ్ళు చేస్తుంది. ఒకరోజు గిన్నెలు తోముతుంటే అడిగాను, రానప్పుడు ముందురోజు ఎందుకు చెప్పరని. చేతులు ఆపకుండానే చెప్పింది. "ముందే చెప్తే కుదరదంటారు గదక్కా. ఎందుకు, ఏమి, యెన్నాళ్ళు అని అడుగుతారు. ఐదిండ్లల్లో ఐదుసార్లు చెప్పాల. చెప్పకుండా నిలబడిపోతే మర్నాడు తిట్టేది ఒక్కసారే." ఇందులో సంస్కృతి ఎక్కడుంది? లెక్క ఉంది. పక్కా లెక్క. శుక్రవారానికి అవుతుందని చెప్పి సోమవారం సారీ చెప్పే మా కుర్రాళ్ళదీ ఇదే లెక్క. ముందు చెప్తే అరగంట ప్రశ్నలు, తర్వాత చెప్తే ఒక్క మెయిల్. నెలకి రెండు సెలవులు, కారణం అడగకుండా, అని మేమిద్దరం మాట్లాడుకున్నాం. ఇప్పుడు ముందురోజే చెప్పి మానేస్తుంది.

భాష సంగతీ అంతే. బెంగళూరులో ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళకి వచ్చిన కన్నడం చాలామందికి "కన్నడ గొత్తిల్ల" దగ్గరే ఆగిపోయింది. లిపి మనదానికి ఎంత దగ్గరంటే, వారం కూర్చుంటే బస్సు బోర్డులు చదివేయొచ్చు. అయినా కూరగాయల బండి అతను మనతో తెలుగులో, పక్కింటివాళ్ళతో హిందీలో, ఎదురింటివాళ్ళతో తమిళంలో బేరం చేస్తాడు. నాలుగు భాషల మనిషి ఆయన. ఎందుకంటే సరుకు అమ్ముకోవాల్సింది ఆయన. కన్నడిగుల్లో కొందరికి దీనిమీద కోపం వస్తే, వీళ్ళది సంకుచితం అని కొట్టిపారేస్తాం. వాళ్ళ ఊళ్ళో ఉంటూ నేర్చుకునే బరువంతా వాళ్ళమీదే పెట్టింది మనం. నేను కన్నడం నేర్చుకుంటున్నాను. మా పనామె నాకంటే బాగా మాట్లాడుతుంది, తప్పులు ఆమే దిద్దుతుంది.

మేం అడిగినది

పడమర మీద కోపంతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. అక్కడ నాతో పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది మంచివాళ్ళు. చెప్తే వింటారు, కానీ చెప్పించుకునే ఏర్పాటే లేదు. వాళ్ళ ఆఫీసులో మా గురించి చెప్పిన క్లాసు ఏంటని అడిగితే దీపావళి, హోళీ, మసాలాల గురించి ఒక గంట చెప్పారట. మా సెలవుల పట్టిక, మా రేటింగుల పద్ధతి, వీసా భయం, రాత్రి పదకొండు గంటలకి క్యాబ్‌లో ఇంటికెళ్ళే ఆడపిల్ల సంగతి, ఇవి ఆ గంటలో లేవు.

అందుకని పోయిన చలికాలంలో మా టీం ఒకటి అడిగింది. నెలకో మీటింగ్ మాకు పొద్దున ఎనిమిదికి పెట్టండి, మీకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది అని. ఒహాయో ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆ మొదటి మీటింగ్‌లో ఆయన వంటింట్లో కూర్చున్నాడు. వెనక సింకులో గిన్నెలు కనిపిస్తున్నాయి, చిన్నపిల్ల వచ్చి రెండుసార్లు పిలిచింది. మేం పొద్దున్నే స్నానాలు చేసి, కాఫీలు తాగి, ప్రశ్నలన్నీ రాసుకుని వచ్చాం. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ బుధవారానికి ఇస్తారా? ఇస్తానన్నాడు. ఇంకో ఇద్దరిని ఇస్తారా? చూస్తాను, సరే అన్నాడు. స్కోప్‌లోంచి, అంటే ఒప్పుకున్న పనిలోంచి, ఆ రిపోర్టు తీసేయొచ్చా? సరే. మర్నాడు ఆయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రాత్రి చెప్పినవాటిలో రెండు కుదరవు, అప్పుడు అలసిపోయి ఉన్నాను, కాదంటే మళ్ళీ చర్చ మొదలవుతుందని సరే అనేశాను, క్షమించండి అని.

ఆ మెయిల్ టీంలో అందరికీ చదివి వినిపించాను. కదిరి అమ్మాయి ఇంకోసారి చదవమంది. ఇప్పుడు నెలకి అలాంటివి రెండు పెట్టమని అడుగుతున్నాం. పై వాళ్ళతో మాట్లాడి చెప్తానన్నాడు, ఇంకా జవాబు రాలేదు.